నీలం మాత్ర, పన్నెండు మంది అమ్మాయిలు, ఒక టీచరు

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రక్తహీనత తగ్గడానికి బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రలను అమ్మాయిలు ఎందుకు సరిగా వేసుకోవడం లేదన్నది నా పరిశోధనాంశం. గత నెల ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలు పన్నెండు మందిని ప్రధానోపాధ్యాయుల గదిలో కూర్చోబెట్టి, పద్దెనిమిది ప్రశ్నలతో నలభై నిమిషాలు ఫోకస్ గ్రూప్ చర్చ (ఒకే అంశం మీద కొద్దిమందిని కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం) జరిపాను. అందరూ "వేసుకుంటున్నాం టీచర్" అనే చెప్పారు. మర్నాడు కుళాయి పక్క కాలువలో ఏడెనిమిది నీలం మాత్రలు కనిపించాయి. నా చర్చ వృథా అయినట్టేనా? కనీసం పది చర్చలు జరిపి, ఎంత శాతం మంది ఏమన్నారో పట్టిక వేయమని మా గైడు గారంటున్నారు. తల్లులతో కూడా మాట్లాడాలా? మాట్లాడితే ఎలా? — ఒక పాఠకురాలు

సమాధానం: మీ చర్చ వృథా కాలేదు గానీ, మీరు అడిగిన ప్రశ్నకు కాకుండా మరో ప్రశ్నకు జవాబిచ్చింది. ప్రధానోపాధ్యాయుల గదిలో, రేపు మార్కులు వేయబోయే టీచరు ఎదుట కూర్చున్న పద్నాలుగేళ్ల అమ్మాయి ఏ మాట చెబితే క్షేమమో అదే చెబుతుందని ఆ నలభై నిమిషాలు మీకు చూపించాయి. ఆ పిల్లలు అబద్ధమాడారని అనుకోకండి, వారు పాఠం అప్పజెప్పారు. బడిలో టీచరు ప్రశ్న అడగడం, పిల్లలు సరైన జవాబు చెప్పడం అన్న అలవాటు ఏళ్ల తరబడి నడిచినది కాబట్టి, కుర్చీలు గుండ్రంగా వేసినంత మాత్రాన అది పోదు.

ఇంకొక చిన్న లెక్క కూడా చూడండి. పద్దెనిమిది ప్రశ్నలు, పన్నెండు మంది, నలభై నిమిషాలు అంటే, మీరు ప్రశ్నలు చదవడానికి పట్టిన సమయం తీసెయ్యకపోయినా, ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క ప్రశ్న మీద పదకొండు సెకన్లు దక్కాయి. అంత వ్యవధిలో "అవును టీచర్" తప్ప మరేదీ పట్టదు. మీరు జరిపినది, మాటకు కఠినంగా ఉన్నా, పన్నెండు మందిని ఒకేసారి కూర్చోబెట్టి చేసిన నోటి సర్వే. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. విద్యా పరిశోధనలోనూ ఆరోగ్య పరిశోధనలోనూ ఫోకస్ గ్రూపును చాలామంది పది ఇంటర్వ్యూలను ఒకే పూటలో ముగించే పొదుపు మార్గంగా వాడుతున్నారు. ఆ పద్ధతి పుట్టింది అందుకు కాదు.

1941 నవంబరులో న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ తన కొత్త సహోద్యోగి రాబర్ట్ మెర్టన్‌ను రాత్రి భోజనానికి పిలిచి, భోజనం పెట్టకముందే తన రేడియో పరిశోధన జరుగుతున్న గదికి వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడ శ్రోతలు ఒక కార్యక్రమం వింటూ, నచ్చిన చోట ఆకుపచ్చ బొత్తాం, నచ్చని చోట ఎర్ర బొత్తాం నొక్కుతున్నారు. ఏ నిమిషంలో ఎందరికి నచ్చలేదో యంత్రం చక్కగా గీత గీసి చూపేది గాని, ఎందుకు నచ్చలేదో దానికి తెలియదు. తర్వాత శ్రోతలను అడుగుతున్న వ్యక్తి ప్రశ్నలు వేస్తున్న తీరు మెర్టన్‌కు నచ్చక, అక్కడికక్కడే చీటీలు రాసి లాజర్స్‌ఫెల్డ్‌కు అందించడం మొదలుపెట్టారు. అంకెలు చెప్పలేని "ఎందుకు"ను పట్టుకోవడానికి అలా మొదలైన పనే ఈనాటి ఫోకస్ గ్రూపుకు మూలం. మీ గైడు గారు శాతాలు అడుగుతున్నారంటే, ఆకుపచ్చ, ఎర్ర బొత్తాల దగ్గరికి మిమ్మల్ని మళ్లీ నడిపిస్తున్నారన్నమాట. దాని గురించి కిందికి వెళ్లాక చెబుతాను.

ముందు, ఆ గదిలో ఏం జరగాలో దగ్గరగా చూపిస్తాను. కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇదే మాత్ర గురించి తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఏడుగురితో కూర్చున్నాం. చర్చ నడిపినది ఆ బడికి సంబంధం లేని, ఆ ప్రాంతపు యాస మాట్లాడే ఒక యువతి, నేను పక్కన కూర్చుని నోట్సు మాత్రమే రాశాను. ఆమె మాత్రల అట్ట ఒకటి చాప మధ్యలో పెట్టి, "దీన్ని మీ బడిలో ఏటంటారు?" అని మాత్రం అడిగి ఊరుకుంది. కాసేపు నవ్వులు, గుసగుసలు అయ్యాక ఒక అమ్మాయి "నాను పారీసాను మేడమ్" అంది. పక్కనున్న పిల్ల వెంటనే, "ఒలే, నీకు మొన్న కక్కొచ్చింది కదే, అది సెప్పు" అంది. మూడో అమ్మాయి, "మా అమ్మ వేడి సేస్తాదని వొద్దంది" అంటే, నాలుగో అమ్మాయి కొంచెం గర్వంగా, "నేను నాలుగు వారాలు మింగీసాను, నాకేటీ అవలేదు" అంది. అప్పటి దాకా మాట్లాడని ఒక అమ్మాయి తలెత్తి, కక్కుకున్న పిల్లను, "ఆవేళ నువ్వు అన్నం తిన్నావేటి?" అని అడిగింది. ఆ పిల్ల తినలేదు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం కూర నచ్చక ఆ పూట మానేసింది. ఆ తర్వాత పావుగంట సేపు అమ్మాయిలే ఒకరినొకరు ప్రశ్నించుకుంటూ, ఎవరు తిని వేసుకున్నారు, ఎవరు ఖాళీ కడుపుతో వేసుకున్నారు అని లెక్క తేల్చుకున్నారు.

మాత్ర పారేయడానికీ మధ్యాహ్న భోజనం మానేయడానికీ సంబంధం ఉండవచ్చన్న సంగతి మా ప్రశ్నల పట్టికలో ఎక్కడా లేదు. ఒక్కొక్కరినీ విడిగా అడిగి ఉంటే ఒకరు "వాంతి", మరొకరు "వేడి", ఇంకొకరు "ఏమీ కాలేదు" అని చెప్పి వెళ్లిపోయేవారు, మేము మూడు కారణాలు రాసుకుని వచ్చేవాళ్లం. ఒక అమ్మాయి మాట మరొక అమ్మాయి మాటకు తగిలినప్పుడు బయటపడిన ఆ సంగతి కోసమే ఫోకస్ గ్రూపు పెడతాం. ఎదురుపడి మాట్లాడుకోవడం అవసరం లేని విషయమైతే, ఈ పద్ధతి జోలికి పోకుండా విడివిడి ఇంటర్వ్యూలు చేసుకోవడమే మంచిది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి మార్పు, చర్చ నడిపే కుర్చీలోంచి మీరు లేవడం. నోట్సు రాసేవారిగా కూడా ఆ గదిలో ఉండకండి. మీ బడికి బయటి వ్యక్తిని, వీలైతే ఈ జిల్లా మాట వచ్చిన యువతిని, ఒక వారం కూర్చోబెట్టి తయారు చేయండి. లేదా మీరే నడపాలనుకుంటే, మీకు తెలియని మరో మండలంలోని బడికి వెళ్లి, అక్కడ టీచరునని చెప్పి పెత్తనం చేయకుండా, అలాగని దాచి మోసం చేయకుండా, పరిశోధన చేస్తున్న మనిషిగా పరిచయం చేసుకుని నడపండి. ప్రధానోపాధ్యాయుల గది, స్టాఫ్ రూము, వరండాలో టీచర్లు అటూ ఇటూ నడిచే తరగతి గది, ఈ మూడూ పనికిరావు. బెంచీలు కాకుండా చాప మేలు. సీలింగ్ ఫ్యాను కింద ఫోను పెడితే రికార్డింగులో ఫ్యాను తప్ప ఏమీ వినపడదు కనుక, రెండు ఫోన్లు రెండు చోట్ల పెట్టండి.

మనుషుల ఎంపికలో, పన్నెండు మంది ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతులను కలపకండి, ఎందుకంటే ఆ వయసులో ఒక్క ఏడాది తేడా కూడా అక్క ముందు చెల్లి నోరు మూయిస్తుంది. అమ్మాయిలు ఒకరికొకరు కొత్తవారై ఉండాలని కొన్ని పాఠ్యపుస్తకాల్లో చదివి ఉంటారు. మార్కెట్ పరిశోధనకు అది సరిపోవచ్చు గానీ మన పల్లె బడుల్లో అది అసాధ్యం, అవసరమూ లేదు. బ్రిటన్‌లో ఎయిడ్స్ గురించి పత్రికలు, టీవీ చెప్పేదాన్ని జనం ఎలా అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవడానికి 52 బృందాలతో, మొత్తం 351 మందితో జరిగిన పరిశోధన మీద 1994లో రాసిన పరిశోధకురాలు జెన్నీ కిట్జింగర్, ముందే కలిసి బతుకుతున్న, కలిసి పనిచేస్తున్న వారిని బృందాలుగా తీసుకోవడంలో ఉన్న మేలు స్పష్టంగా చూపించారు. స్నేహితులు ఒకరి మాటను మరొకరి నడవడితో పోల్చి నిలదీయగలరు. "నీకు మొన్న కక్కొచ్చింది కదే" అనగలిగింది స్నేహితురాలు కాబట్టే.

పద్దెనిమిది ప్రశ్నలను ఐదారుకు కుదించండి. మొదటిది ఎవరైనా తేలికగా జవాబివ్వగలిగినదై, "మీరు వేసుకుంటున్నారా?" అనే తనిఖీ వాసన లేనిదై ఉండాలి. గంట, గంటన్నర సమయం పెట్టుకోండి. "ఎందుకు" అన్న మాటతో పిల్లలను నేరుగా అడిగితే మందలింపులా వినిపిస్తుంది. దాని బదులు, మాత్ర చేతికి వచ్చిన క్షణం నుంచి బడి గంట కొట్టే దాకా ఏమేం జరుగుతుందో వరుసగా చెప్పమనండి. ఎవరైనా మాట్లాడకపోతే పేరు పెట్టి పిలిచి ఇరుకున పెట్టవద్దు. ఒకే అమ్మాయి అందరి తరఫునా మాట్లాడుతుంటే, "ఈవిడ చెప్పినట్టే కాకుండా ఇంకో రకంగా జరిగిన వాళ్లున్నారా?" అని గుంపు మొత్తాన్ని చూస్తూ అడగండి. అన్నిటికన్నా కష్టమైనది మౌనంగా ఉండటం. నాకు ఇరవై ఏళ్లు పట్టింది, ఇప్పటికీ సగం సార్లు తొందరపడతాను.

ఇక గుంపులో అడగకూడనివి ఉన్నాయి. ఈ మాత్రల గురించి ఊళ్లలో తిరిగే మాటల్లో నెలసరికి, ముందు ముందు పిల్లలు పుట్టడానికి సంబంధించిన భయాలు కూడా ఉంటాయి. వాటిని "మీ ఈడు ఆడపిల్లలు ఏమనుకుంటారు?" అని మూడో మనిషి మీద పెట్టి అడగవచ్చు గానీ, "నీకు నెలసరి ఎలా వస్తుంది?" అని ఎనిమిది మంది ఎదుట ఒక పిల్లను అడగకూడదు. చర్చలో వినపడిన మాట బయటికి పొక్కకుండా మీరు కాపాడగలరు, మిగిలిన ఏడుగురు అమ్మాయిలు కాపాడతారని మాత్రం మీరు హామీ ఇవ్వలేరు. ఈ సంగతిని చర్చకు ముందే, వారికి అర్థమయ్యే మాటల్లో, మీరే చెప్పాలి. సొంత శరీరం గురించిన విషయాలు కావాలంటే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ఏర్పాటు చేసుకోండి.

అనుమతుల విషయం మీ ఉత్తరంలో ప్రస్తావించలేదు కాబట్టి అడుగుతున్నాను: ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకున్నారా? భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు వారి విషయంలో తల్లిదండ్రుల అంగీకారంతో పాటు పిల్లల సమ్మతి కూడా కావాలి. పన్నెండేళ్లు దాటిన వారి దగ్గర ఆ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. ప్రధానోపాధ్యాయుల సంతకం ఈ రెండింటికీ బదులు కాదు. "రానంటే టీచరు కోప్పడరు" అన్న మాట అమ్మాయిలకు మీ నోటితో కాక, బయటి మనిషి నోటితో చెప్పించండి.

తల్లుల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. "వేడి చేస్తుంది" అన్న మాట పుట్టే చోటు ఇల్లే. కానీ వారిని బడికి పిలిపించకండి. బడికి రమ్మంటే పిల్ల ఏదో తప్పు చేసిందనుకుంటారు. అత్తగార్లను, కోడళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టవద్దు. ఉపాధి హామీ పనులు నడిచే రోజుల్లో ఉదయం పూట ఎవరూ దొరకరు, నాట్లప్పుడు అసలే దొరకరు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగే వారంలో పెట్టుకుంటే మీరొక్కరే కూర్చోవలసి వస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. సముద్రం ఒడ్డున ఒక ఊరిలో మగవాళ్లు చాలామంది గుజరాత్‌లోని వెరావల్ వైపు చేపల వేటకు వలస వెళ్లిన నెలల్లో, ఆడవాళ్లు నిర్భయంగా మాట్లాడతారని ఆశపడి రామమందిరంలో చర్చ పెట్టాను. ఊరి పెద్ద ఒకాయన మర్యాదగా వచ్చి, అరుగు చివర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. డెబ్బై నిమిషాల పాటు ప్రతి ఆడమనిషీ జవాబు చెప్పే ముందు ఆయన వైపు చూసింది. ఆ రికార్డింగు మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి మా బృందంలో ఒకరికి ఒకటే పని: చర్చ మొదలయ్యే ముందే పెద్దలను ఊరి మంచినీటి ట్యాంకు దగ్గరికో, టీ కొట్టుకో తీసుకువెళ్లి, చర్చ అయ్యేవరకు వారి మాటలు శ్రద్ధగా వినడం. అది వారిని తప్పించడం కోసం మొదలుపెట్టినా, చాలాసార్లు మంచి సమాచారమే దొరికింది. ఆశా కార్యకర్తల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మనుషులను పోగుచేయడానికి వారి సాయం కావాలి, కానీ మాత్రలు అందుతున్నాయా లేదా అన్నది వారి పనితీరుకు ముడిపడిన ప్రశ్న కాబట్టి వారు చర్చలో కూర్చోకూడదు. వారిని పిలవమంటే తమ మాట వినే ఇళ్లనే పిలుస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

ఎన్ని చర్చలు చాలునన్న దానికి పది అన్న అంకె శాస్త్రం కాదు. గ్రెగ్ గెస్ట్ అనే పరిశోధకుడి బృందం 2017లో ప్రచురించిన విశ్లేషణలో, అమెరికాలో ఒకే అంశం మీద ఒకే తరహా వారితో జరిపిన 40 చర్చలను పరిశీలించి, మొదటి రెండు మూడింటిలోనే 80 శాతానికి పైగా అంశాలు, మూడు నుంచి ఆరింటిలో 90 శాతం అంశాలు బయటపడ్డాయని చూపించారు. అయితే అది ఒకే తరహా మనుషుల సంగతి. మీకు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి, తల్లులు అని మూడు తరహాలున్నాయి. ఒక్కొక్క తరహాకు రెండేసి చర్చలతో మొదలుపెట్టి, రెండోదాంట్లో కొత్త సంగతులు ఇంకా వస్తుంటే మూడోది జరపండి. పార్వతీపురం వైపు సవర, జాతాపు గిరిజన పిల్లలున్న బడిని కూడా కలుపుకోవాలనుకుంటే దాన్ని నాలుగో తరహాగా లెక్కపెట్టండి, వారి భాష వచ్చిన మనిషి లేకుండా వెళ్లవద్దు.

శాతాల పట్టిక మాత్రం వేయకండి. మీ ఎనిమిది మందిని జిల్లా నుంచి యాదృచ్ఛికంగా తీయలేదు, వారు ఒకరి మాట విని మరొకరు మాట్లాడారు, కొందరు మౌనంగా తలూపారు. తలూపిన పిల్లను "అవును" కింద వేస్తారా? "63 శాతం మంది వాంతి అన్నారు" అని రాస్తే, అది ఎనిమిది మందిలో ఐదుగురు అన్నమాట. అందులో ఇద్దరు ముందు మాట్లాడిన పిల్లను చూసి అని ఉండవచ్చు. ఎంతమంది అన్న ప్రశ్నకు వేరే చోట జవాబుంది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. రక్తహీనత తగ్గించే అనీమియా ముక్త్ భారత్ పథకం కింద 10-19 ఏళ్ల వారికి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఆ నీలం మాత్ర వారానికొకటి ఇవ్వడం కూడా ఇలాంటి అంకెల వల్లనే. అది వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలేనని, ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం ఎక్కువని వైద్యులకు తెలుసు. ఈ మాట పిల్ల చెవిన పడకముందే మాత్ర కాలువలో ఎందుకు పడుతున్నదో చెప్పగలిగేది మీ పరిశోధన. గైడు గారికి మర్యాదగా ఒక దారి చూపండి: చర్చల్లో దొరికిన కారణాలను, అమ్మాయిలు వాడిన మాటల్లోనే, ప్రశ్నావళిగా మార్చి రెండు మూడు వందల మందికి ఇస్తే, అప్పుడు శాతాలకు అర్థం ఉంటుంది. ఫోకస్ గ్రూపుల్లో దొరికిన ఆలోచనలను తర్వాతి పరిశోధనతో పరీక్షించకుండా వదిలేస్తున్నారని 1987లో మెర్టన్ కూడా నొచ్చుకున్నారు.

రికార్డింగును కాగితం మీద పెట్టేటప్పుడు యాసను దిద్దకండి. "పారీసాను"ను "పారవేశాను" అని మార్చిన క్షణంలో ఆ అమ్మాయి పోయి, మీరు మిగులుతారు. పిల్లల గొంతులు రికార్డింగులో ఒకేలా వినిపిస్తాయి కనుక, నోట్సు రాసేవారు ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీసి, ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చి, ప్రతి మాటకూ మొదటి రెండు పదాలు, పక్కన ఆ అంకె రాస్తూ పోవాలి. ఇది చేయకపోతే ఎవరు ఎవరికి బదులిచ్చారో ఎన్నటికీ తెలియదు. నా అనుభవంలో ఒక గంట చర్చను రాయడానికి ఒక రోజంతా పడుతుంది. నివేదికలో కూడా ఒంటరి వాక్యాలను ముత్యాల్లా ఏరి పెట్టకుండా, నాలుగైదు మాటల సంభాషణను వరుసగా చూపండి. ఏ మాట దగ్గర వాదన తిరిగింది, ఎవరు తన మాట మార్చుకున్నారు, ఎక్కడ అందరూ నవ్వి ఊరుకున్నారు అన్నవి కూడా రాయండి.

మీ మొదటి చర్చ రికార్డింగును చెరిపేయవద్దు. దాన్ని పద్ధతుల అధ్యాయంలో తొలి ప్రయత్నంగా పెట్టి, ఎక్కడ తప్పిందో, ఏమి మార్చారో నిజాయితీగా రాయండి. అయితే ఆ పన్నెండు మంది అమ్మాయిలను మళ్లీ చర్చకు పిలవవద్దు. కాలువలో చూసిన మాత్రల సంగతి ప్రధానోపాధ్యాయులకు చెప్పి సంచులు వెతికించవద్దు. అలా ఒక్కసారి జరిగితే, వచ్చే నెల మీరు పంపే ఆ బయటి యువతి ఎంత మెత్తగా అడిగినా, చాప మీద కూర్చున్న ఎనిమిది మందీ "వేసుకుంటున్నాం మేడమ్" అనే అంటారు.